ట్రయల్ అన్నదొకరు, ప్లాన్ అన్నదొకరు

మా చెల్లెలి తొలి కాన్పు ఫైలు నా దగ్గరే ఉంది. ప్లాస్టిక్ కవరులో నాలుగు స్కాన్ రిపోర్టులు, ఒక బిల్లు, ఒక డిశ్చార్జి కాగితం. పన్నెండు గంటల నొప్పులు, ఇంటిల్లిపాదీ పడ్డ భయం, చివరికి చేతికొచ్చిన మగబిడ్డ, అన్నీ కలిపి ఆ కాగితం మీద రెండంటే రెండు లైన్లు. ఎల్.ఎస్.సి.ఎస్. చేశాం, కారణం, నాన్ ప్రోగ్రెస్. నొప్పులు ముందుకు సాగలేదని దాని అర్థం. ఎన్ని సెంటీమీటర్ల దగ్గర ఆగింది, నొప్పుల సెలైన్ ఎంతసేపు ఎక్కించారు, గర్భసంచిని ఎలా కుట్టారు, ఇవేవీ లేవు. కోత గర్భసంచి కింది భాగంలో అడ్డంగా పడి ఉంటుందని ఆ నాలుగు పొడి అక్షరాలను బట్టి మనమే ఊహించుకోవాలి.

మళ్ళీ నెల తప్పి ఆరో నెల వచ్చాక ఆ కవరు పట్టుకుని ఇద్దరు డాక్టర్ల దగ్గరికి వెళ్ళాం. మొదటావిడ దాన్ని తెరవనే లేదు. "మొదటిది పెద్దాపరేషనే కదమ్మా, ఇదీ అంతే. మంచిరోజు చూసుకుని రండి" అన్నారు. రెండో ఆవిడ కాగితాలన్నీ తిరగేసి, "చూద్దాం, ట్రయల్ ఇద్దాం" అన్నారు. మెట్లు దిగుతూ చెల్లెలు అడిగింది: "ట్రయల్ అంటే ఏంటక్కా? పరీక్ష నాకా, ఆవిడకా?"

దానికి జవాబు వెతుకుతూనే రెండు పత్రాలను పక్కపక్కన పెట్టుకుని చదివాను. ఒకటి అమెరికాది. అక్కడి ప్రసూతి వైద్యుల సంఘం, అందరూ ఏకాగ్ అని పిలిచేది, 2019 ఫిబ్రవరిలో తెచ్చిన 205వ ప్రాక్టీస్ బులెటిన్. రెండోది బ్రిటన్‌ది. లండన్‌లోని రాయల్ కాలేజీ ఆఫ్ అబ్స్టెట్రీషియన్స్ అండ్ గైనకాలజిస్ట్స్ 2015 అక్టోబరులో వెలువరించిన 45వ గ్రీన్‌టాప్ గైడ్‌లైన్, రెండో కూర్పు. మొదటి కాన్పు ఆపరేషనైన ఆడమనిషి రెండోసారి మామూలుగా కనాలనుకుంటే ఏం చూడాలి, ఏం చెప్పాలి, ఎక్కడ ఆగాలి అన్నదే రెండింటి విషయం. పరాయి దేశాల కాగితాలతో మనకేం పని అనిపించవచ్చు. హైదరాబాదులో కాన్పుల ఆసుపత్రుల బోర్డులు చూడండి, డాక్టరమ్మల పేర్ల పక్కన ఎంఆర్‌సీఓజీ అన్న అక్షరాలు తరచూ కనిపిస్తాయి. అది ఆ లండన్ కాలేజీ పెట్టే పరీక్షే. డాలస్‌లో ఉన్న మేనకోడలు ఫోన్లో "టోలాక్‌కి ఒప్పుకున్నారు అత్తా" అంటే, అది అమెరికా బులెటిన్ నేర్పిన మాట. ఈ రెండు కాగితాలూ మన ఇళ్ళలోకి ఎప్పుడో వచ్చేశాయి, చదవకుండానే.

అంకెల్లో రెండింటికీ పెద్ద తగాదా లేదు. ఉండే వీలూ లేదు, చూసే ఆధారాలు చాలావరకు ఒకటే కాబట్టి. అందులో పెద్దది 2004లో అచ్చయిన అమెరికా అధ్యయనం: 19 ఆసుపత్రులు, పాత మచ్చతో నొప్పులు పడ్డ 17,898 మంది. వాళ్ళలో 73 శాతం మామూలుగా కన్నారు. 124 మందికి గర్భసంచి చిట్లింది, అంటే వెయ్యికి ఏడుగురు. ఊపిరాడక మెదడు దెబ్బతిన్న బిడ్డలు 12 మంది. నొప్పులు రాకముందే మళ్ళీ కోయించుకున్నవాళ్ళలో అలాంటి బిడ్డ ఒక్కరూ లేరు. ఈ బాపతు లెక్కలన్నీ కూడి అమెరికా పత్రం 60 నుంచి 80 శాతం మందికి మామూలు కాన్పు అవుతుందంటుంది. బ్రిటిష్ పత్రం 72 నుంచి 75 అంటుంది. అంతకుముందు ఒక్కసారైనా మామూలుగా కన్నవాళ్ళకైతే ఇది 85 నుంచి 90. కుట్టు విడిపోయే ప్రమాదం బ్రిటిష్ లెక్కలో 200 మందిలో ఒకరికి. అమెరికా లెక్క దాని చుట్టుపక్కలే తిరుగుతుంది. గర్భసంచి పైభాగంలో నిలువు కోత ఉన్నవాళ్ళకు, ఇదివరకే ఒకసారి చిట్లినవాళ్ళకు, మాయ కిందికి దిగి దారికి అడ్డం పడుకున్నవాళ్ళకు రెండు పత్రాలూ వద్దనే చెబుతాయి. తేడా అంకెల్లో కాదు, వాటిని ఎవరి ముందు ఎలా పరిచారన్నదాంట్లో ఉంది.

ముందు పేరు చూద్దాం. అమెరికా వాళ్ళు ఈ ప్రయత్నాన్ని ట్రయల్ ఆఫ్ లేబర్ అంటారు. దానికి ఆఫ్టర్ సిజేరియన్ అన్న తోక తగిలిస్తే టోలాక్. వీబ్యాక్, అంటే సిజేరియన్ తర్వాత మామూలు కాన్పు, అన్న మాటను ఫలితానికి దాచుకున్నారు: బిడ్డ కింది నుంచి బయటికి వచ్చాకే అది వీబ్యాక్, అప్పటిదాకా ట్రయలే. శాస్త్రం దృష్టితో చూస్తే ఇది శుభ్రమైన విభజన. ప్రయత్నాన్నీ ఫలితాన్నీ ఒకే పేరుతో పిలిస్తే లెక్కలు కలగాపులగం అవుతాయి. కానీ ట్రయల్ అన్న మాట కోర్టులో నడిచేది, బట్టల కొట్టు వెనక గదిలో వేసుకు చూసేది, పరీక్షకు ముందు రాసేది. ఏ అర్థంలో తీసుకున్నా తీర్పు చెప్పేవాడు ఒకడు అవతల కూర్చుని ఉంటాడు. నొప్పులు పడేది ఆమె, పాసో ఫెయిలో చెప్పేది ఇంకొకరు. పాస్ కాకపోతే ఆ బులెటిన్ దాన్ని ఫెయిల్డ్ టోలాక్ అనే అంటుంది.

బ్రిటిష్ వాళ్ళు ప్లాన్డ్ వీబ్యాక్ అంటారు. ఫలితం ఏదైనా పేరు అదే. ప్లాన్ వేసుకున్నది ఎవరన్న ప్రశ్నకు ఆ మాటలోనే సగం జవాబుంది. ప్లాన్ అంటే మారగలిగేది. ప్లాన్ మారితే మనిషి ఫెయిలైనట్టు కాదు. అలాగని బ్రిటిష్ పత్రాన్ని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. సక్సెస్, అన్‌సక్సెస్ అన్న మాటలు అందులోనూ పేజీకొకసారి తగులుతాయి. కడుపు కోసి బిడ్డను క్షేమంగా తీసిన డాక్టరు చేతిలో సక్సెస్ అయిన పని, అదే క్షణాన ఆ తల్లి ఖాతాలో అన్‌సక్సెస్‌గా పడటం విచిత్రమే. మన భాషకు ఆ పాపం లేదు. కాన్పు అయింది అంటాం, తల్లీబిడ్డా క్షేమం అంటాం. పాత మచ్చతో మామూలుగా కనడానికి ఒక పేరు మాత్రం మనం పెట్టుకోలేదు. అందుకే డాక్టరుగారి ట్రయల్ అలాగే తెలుగు వాక్యంలోకి దిగిపోయింది.

అంకెను దేని పక్కన నిలబెట్టారన్నది రెండో తేడా. కాన్పు మూలంగా బిడ్డ పోయే ప్రమాదం ప్లాన్డ్ వీబ్యాక్‌లో 10,000 మందికి 4, ముందే తేదీ పెట్టుకుని కోయించుకుంటే 10,000 మందికి 1 అని బ్రిటిష్ పత్రం చెబుతుంది. ఈ నాలుగునూ ఒకటినీ పట్టుకుని మూడు రకాలుగా మాట్లాడవచ్చు. నాలుగు రెట్లు ప్రమాదం అనవచ్చు. వింటే గుండె జారుతుంది. పదివేల మందిలో ముగ్గురికి అదనంగా అనవచ్చు, కాస్త తేలికపడుతుంది. లేదా తొలి కాన్పుకు నొప్పులు పడే ఏ తల్లికైనా ఉండే ప్రమాదం ఇంచుమించు ఇంతే అనవచ్చు. అప్పుడు ఊపిరి ఆడుతుంది. మూడూ నిజాలే. అమెరికా పత్రం ఎక్కువగా టోలాక్‌నూ మళ్ళీ ఆపరేషన్‌నూ ఎదురెదురుగా నిలబెట్టి పట్టిక వేస్తుంది. బ్రిటిష్ పత్రం తొలి కాన్పు తల్లిని కూడా పిలుచుకొచ్చి ఆ వరసలో కూర్చోబెడుతుంది. కథకుడు ఎవరి కంటితో చూపిస్తున్నాడని నవలలో వెతుకుతాం కదా, వైద్య పత్రంలోనూ అది వెతకాల్సిందే. నాకు బ్రిటిష్ పద్ధతే న్యాయంగా తోచింది. తొలి కాన్పుకు నొప్పులు పడతానన్న పిల్లను ఎవరూ "నీ ప్రాణానికి తెగించావా" అని అడగరు. అంతే ప్రమాదం మోసే రెండో కాన్పు మనిషిని అడుగుతారు.

ఆ పోలిక మన గడప దాటేసరికి కుంటుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు ఆపరేషన్లే. దేశం సగటు 21.5. ఆంధ్రప్రదేశ్‌లో 42.4. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రులను విడిగా తీస్తే 81.5. నొప్పులు పడి కనే తొలి కాన్పు తల్లితో పోల్చుకో అని లండన్ వాళ్ళు ఓదారుస్తున్నారు. ఆ తల్లే మా వీధిలో దొరకడం లేదు.

అమెరికా పత్రాన్ని విడిగా చదివితే పొడిగా, కాస్త భయంభయంగా అనిపిస్తుంది. ఆ భయానికి ఒక చరిత్ర ఉంది. 1916లో న్యూయార్క్‌లో ఎడ్విన్ క్రాగిన్ అనే ప్రసూతి వైద్యుడు తోటి డాక్టర్ల సభలో ఒక ప్రసంగం చేశాడు. ఒకసారి కోత పడితే ఇక ఎప్పుడూ కోతే అన్న సూత్రం అందులోదే. ఆ రోజుల్లో కోత గర్భసంచి పైభాగంలో నిలువుగా పడేది, తర్వాతి నొప్పులకు విడిపోయే భయం ఎక్కువ. తమాషా ఏమిటంటే, ఆయన ఆ మాట చెప్పింది మొదటి కోతనే తొందరపడి పెట్టొద్దని హెచ్చరించడానికి. ఈ సూత్రానికి మినహాయింపులున్నాయనీ, తన దగ్గరి తల్లి ఒకామె కోత తర్వాత ముగ్గురిని ఇబ్బంది లేకుండా కన్నదనీ అదే ప్రసంగంలో ఒప్పుకున్నాడు. 1920ల్లో గ్లాస్గోలో మన్రో కెర్ కింది భాగంలో అడ్డకోతను ప్రచారంలోకి తెచ్చాక ఆ సూత్రం కింద ఉన్న నేలే కదిలిపోయింది. అయినా సూత్రం నిలిచింది. చెప్పినవాడి ఉద్దేశం రాలిపోయి, మాట ఒక్కటే సామెతలా బతికింది. మా మొదటి డాక్టరమ్మ కవరు తెరవకుండా చెప్పిన "ఇదీ అంతే" వెనక ఉన్నది ఆ నూరేళ్ళ నాటి మాటే.

అమెరికాలో 1980లలో గాలి మారింది. 1996 నాటికి పాత మచ్చ ఉన్న తల్లుల్లో 28.3 శాతం మామూలుగా కన్నారు. ఆ ఊపులో ఎవరికి పడితే వాళ్ళకు నొప్పుల మందులు పెట్టారు, కొన్ని చోట్ల కుట్లు విడిపోయాయి, కోర్టు కేసులు పడ్డాయి. 1999లో ఏకాగ్ తన పత్రంలో ఒక్క మాట మార్చింది. అత్యవసర ఆపరేషన్ చేయగల డాక్టరు సులువుగా అందుబాటులో ఉండాలన్న చోట తక్షణం అందుబాటులో ఉండాలని రాసింది. ఒక విశేషణం, అంతే. తక్షణం అంటే ఎంతమంది డాక్టర్లు రాత్రంతా ఆసుపత్రిలోనే మేలుకుని ఉండాలో లెక్క వేసుకున్న చిన్న ఊళ్ళ ఆసుపత్రులు ఈ పనే మానుకున్నాయి. 2001లో వాషింగ్టన్ రాష్ట్రం నుంచి 20,095 మంది తల్లుల లెక్కలు అచ్చయ్యాయి. ప్రోస్టాగ్లాండిన్ మందులతో నొప్పులు తెప్పించినవాళ్ళలో వెయ్యికి 24.5 మందికి గర్భసంచి చిట్లిందని తేలింది. వాటంతటవి నొప్పులొచ్చినవాళ్ళలో 5.2. ఆ లెక్క మందులను చూసి భయపడమంది. చాలామంది మొత్తం కాన్పును చూసి భయపడ్డారు. పదేళ్ళు తిరిగేసరికి 28 కాస్తా 10 లోపుకు పడిపోయింది.

ఇక్కడే పోలిక రసవత్తరంగా మారుతుంది. బ్రిటిష్ పత్రంలోనూ తక్షణం అన్న మాట ఉంది. సిబ్బందీ సామగ్రీ సరిగా ఉన్న కాన్పుల వార్డులో, బిడ్డ గుండె చప్పుడును ఆపకుండా చూస్తూ, వెంటనే ఆపరేషన్ చేసే వీలున్న చోటే ఈ కాన్పు జరగాలని అదీ రాసింది. అక్కడ ఆ మాటకు ఇలా తలుపులు మూతపడలేదు. డాక్టర్లు జీతాల మీద వంతులవారీగా పనిచేసే ప్రభుత్వ ఆసుపత్రులకు తక్షణం కొత్త ఖర్చు కాదు. ఒకే వాక్యం ఒక దేశంలో మామూలు నియమమైంది, ఇంకో దేశంలో తాళమైంది. పాఠాన్ని మాత్రమే చదివి తీర్పు చెప్పే విమర్శకు ఇంతకంటే మంచి గుణపాఠం నాకు దొరకలేదు.

అమెరికా పత్రాన్ని నేను గౌరవించడం మొదలుపెట్టిందీ ఇక్కడే. 2010 మార్చిలో అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థలు ఒక సమావేశం పెట్టి, ఆ తక్షణం నియమాన్ని మళ్ళీ ఆలోచించమన్నాయి. అదే ఏడు ఏకాగ్ కొత్త బులెటిన్ తెచ్చింది. ఆసుపత్రి విధానం పేరు చెప్పి ఇష్టం లేని ఆడమనిషిని మళ్ళీ ఆపరేషన్‌కు బలవంతం చేయకూడదని స్పష్టంగా రాసింది. సౌకర్యాలు తక్కువున్న చోట ఆ సంగతి ఆమెకు ముందే విప్పి చెప్పాలి, కావాలంటే వేరే చోటికి పంపాలి, తెలిసి తలకెత్తుకునే ప్రమాదం ఆమె హక్కు అంది. 2019 పత్రం ఆ దారిలోదే. దెబ్బలు తిన్న పత్రం అది. అందుకే మన చిన్న ఊరి సమస్య బ్రిటిష్ పత్రానికంటే దానికే బాగా తెలుసు: రాత్రి రెండింటికి మత్తు డాక్టరు ఎక్కడున్నాడు? రక్తం ఆసుపత్రిలో ఉందా, నలభై కిలోమీటర్ల అవతల ఉందా? లండన్ పత్రం ఇవన్నీ ఉన్నాయనుకుని మొదలవుతుంది. అమెరికా పత్రం లేకపోతే ఏమిటని అడుగుతుంది.

బ్రిటిష్ పత్రానికి ప్రాణం చివర్లో ఉంది. అనుబంధంగా ఒక నమూనా కాగితం ఇచ్చారు, చెక్‌లిస్ట్ లాంటిది. వీబ్యాక్ వల్ల మంచీచెడూ, మళ్ళీ కోతవల్ల మంచీచెడూ ఆమెకు చెప్పారా, ఆమె ఏమంది అని వరసగా నింపుకుంటూ పోవాలి. మామూలు ఫారమే. కానీ ఆ పత్రంలోనే ఒక సూచన దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఆపరేషన్‌కు తేదీ పెట్టుకున్నప్పుడు, ఆ తేదీ కంటే ముందే నొప్పులు వస్తే ఏం చేయాలో కూడా అప్పుడే రాసి పెట్టాలట. ఇంత చిన్న సంగతి! ఏళ్ళ తరబడి ఎన్ని ఇళ్ళలో చూశాను: ఫలానా శుక్రవారం పదిన్నరకు ముహూర్తం, మంగళవారం అర్ధరాత్రి ఉమ్మనీరు పోయింది, ఆటోలో ఎక్కించారు, డ్యూటీలో ఉన్న పిల్ల డాక్టరుకు ఏం చేయాలో తెలియదు, పెద్ద డాక్టరు ఫోనెత్తరు. బిడ్డ అప్పటికే బాగా కిందికి దిగి ఉండవచ్చు. అయినా ఫైలు మీద రిపీట్ అని ఉంది కాబట్టి థియేటరుకు తోసేస్తారు. ఆమెకు నిజంగా అదే కావాలా? ఎవరూ అడిగి ఉండరు. కాన్పు మన క్యాలెండరు చూసుకుని రాదని తెలిసిన మనిషి రాసిన వాక్యం అది. అమెరికా బులెటిన్ సాక్ష్యాలను తూకం వేసినంత పకడ్బందీగా ఈ అర్ధరాత్రిని ఊహించలేదు.

ఆ పత్రం వచ్చిన ఏడాదే, 2015 మార్చిలో, బ్రిటన్ సుప్రీంకోర్టు మాంట్గమరీ కేసులో తీర్పు ఇచ్చింది. షుగరున్న తల్లి, పెద్ద బిడ్డ, భుజాలు ఇరుక్కునే ప్రమాదం నూటికి తొమ్మిది పది ఉందని డాక్టరు ఆమెకు చెప్పలేదు. చెబితే ఆపరేషన్ అడుగుతుందేమోనని చెప్పలేదు. తోటి డాక్టర్లు ఒప్పుకుంటే సరిపోదు, ఆ స్థితిలో ఉన్న మనిషికి ఏది ముఖ్యమో అది చెప్పి తీరాలని కోర్టు తేల్చింది. గమనించండి, అక్కడ దాచింది ఆపరేషన్ దారిని. మన దగ్గర దాచేది రెండో దారిని. జబ్బు మాత్రం ఒకటే. మన సుప్రీంకోర్టు కూడా 2008లోనే సమీరా కోహ్లీ కేసులో ఒక పనికిచ్చిన ఒప్పుకోలు ఇంకో పనికి చెల్లదనీ, వేరే దారులేమున్నాయో చెప్పాలనీ అంది. తీర్పు ఉంది. నింపాల్సిన కాగితమే మనకు లేదు.

లెక్కల యంత్రం సంగతి తొందరగా ముగిస్తాను. అమెరికాలో 2007 నుంచి ఒక క్యాలిక్యులేటర్ నడిచింది. వయసు, బరువు, మొదటి ఆపరేషన్ ఎందుకైంది వగైరా కొడితే మామూలు కాన్పు అయ్యే శాతం చెబుతుంది. అందులో జాతి గడి కూడా ఉండేది; నల్లజాతి స్త్రీ అనో హిస్పానిక్ అనో నొక్కితే శాతం పడిపోయేది. ఎత్తూ బరువూ అన్నీ ఒకటే ఉన్న ఇద్దరిలో ఒకామెకు రంగు చూసి ఆశ తగ్గించడమేమిటని గొడవైంది, 2021లో ఆ గడి తీసేశారు. మన మేనకోడలికి ఆ రెండు గడులూ వర్తించవు కాబట్టి తేడా పడలేదు. మొదటి ఆపరేషన్ కారణం అన్న గడిలో మాత్రం నాన్ ప్రోగ్రెస్ అని కొట్టగానే అంకె కిందికి జారింది. ఆ రెండు పదాలు నిజంగా నొప్పులు సాగక రాసినవో, రాత్రి ఎనిమిదైందని రాసినవో యంత్రానికి ఏం తెలుస్తుంది? బ్రిటిష్ పత్రం ఇలాంటి యంత్రానికి పెద్దపీట వేయకపోవడం నాకు నచ్చింది.

రెండు పత్రాలూ కలిసి ఒక చోట మనల్ని చూడలేదు. మళ్ళీ కోత వద్దనడానికి రెండూ చూపే గట్టి కారణం ముందు ముందు వచ్చే కాన్పులు. కోతలు పెరిగేకొద్దీ మాయ పాత మచ్చలోకి వేళ్ళు దింపి ఊడిరాని ప్రమాదం పెరుగుతుంది. 2006 నాటి అమెరికా అధ్యయనంలో మొదటి కోతకు 0.24 శాతం ఉన్నది మూడో దానికి 0.57 అయింది, నాలుగో దానికి 2.13కు ఎగబాకింది. నలుగురైదుగురు పిల్లలు కావాలనుకునే తల్లికి ఇది పెద్ద మాట. మన దగ్గర? అదే కుటుంబ సర్వేలో ఒక్కో స్త్రీకి సగటున పిల్లలు తెలంగాణలో 1.8, ఆంధ్రప్రదేశ్‌లో 1.7. పెళ్ళయిన ఆడవాళ్ళలో పిల్లలు కాకుండా ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు తెలంగాణలో దాదాపు 62 శాతం, ఆంధ్రలో దాదాపు 70. రెండో కాన్పుకు కడుపు ఎలాగూ కోస్తున్నారు కదా, ఆ చేత్తోనే ట్యూబులు కూడా కట్టేయమనడం మన ఇళ్ళలో ఎవరూ ప్రశ్నించని పొదుపు. అత్తగారు, భర్త, ఒక్కోసారి ఆమే. ఒకే మత్తు, ఒకే మంచం, ఒకే సెలవు. లండన్‌లోగానీ వాషింగ్టన్‌లోగానీ రాసినవాళ్ళ ఊహలోకి ఈ లెక్క రాలేదు. మూడో కాన్పు భయం చూపించి మనవాళ్ళకు వీబ్యాక్ గురించి చెప్పబోతే అందుకే చెవికెక్కదు. మనం చెప్పాల్సిన కారణాలు వేరే. మూడో రోజు లేచి తిరగగలగడం, పెద్దవాణ్ణి ఎత్తుకోగలగడం, రక్తం తక్కువున్న మనిషికి రక్తం మిగలడం, బిల్లు. వీటన్నిటికీ ముందు, ఆమెకు అలా కనాలని ఉండటం. ఈ చివరిది ఏ పట్టికలోనూ అంకెగా రాదు.

వద్దనుకునే హక్కు గురించి కూడా ఒక మాట. తొలిసారి రాత్రంతా నొప్పులు పడి చివరికి కోయించుకున్న మనిషి "నాకింకోసారి ఆ రాత్రి వద్దు" అంటే అది పిరికితనం కాదు. 39 వారాలు నిండాక తేదీ పెట్టుకుని ఆపరేషన్ చేయించుకోవడం ఆమెకు సరైన ప్లానే. అన్నిటికంటే కష్టం మధ్యదారిన వచ్చేది, నొప్పులు పడి ఆఖరున అత్యవసరంగా కోత పడటం. రెండు పత్రాలూ ఈ నిజాన్ని దాచలేదు. సుఖప్రసవం నినాదంతో కాన్పులను లక్ష్యాలుగా మార్చే అధికారులు ఆ పేరాలు చదివితే బాగుండు.

మిడ్‌వైఫ్‌ల విషయంలో మాత్రం బ్రిటిష్ పత్రానికి మనం దగ్గరవుతున్నాం. అక్కడ ఈ సంభాషణ చాలావరకు మిడ్‌వైఫ్‌తోనే మొదలవుతుంది, ఐదో నెల స్కాన్ దాటాక, తీరిగ్గా. తెలంగాణ 2017లో కరీంనగర్‌లో యునిసెఫ్, హైదరాబాదు ఫెర్నాండెజ్ ఫౌండేషన్‌లతో కలిసి నర్సులకు ఆ శిక్షణ మొదలుపెట్టింది. ఓపీలో మూడు నిమిషాలు దాటని చోట మన మనిషి పక్కన కూర్చుని మాట్లాడేవాళ్ళు దొరకడమే పెద్ద సంగతి.

మళ్ళీ ఫైలు దగ్గరికి. రెండో డాక్టరమ్మ ఒక పని చెప్పారు: మొదటి ఆపరేషన్ నోట్స్ తెమ్మన్నారు. డాక్టర్లు ఆసుపత్రిలో చేర్చుకున్న రోగుల కాగితాలు మూడేళ్ళు దాచాలి, అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి అని మెడికల్ కౌన్సిల్ 2002 నియమాలు చెబుతున్నాయి. కాన్పుకూ కాన్పుకూ రెండేళ్ళయినా ఎడం ఉండాలని డాక్టర్లే అంటారు, మచ్చ గట్టిపడటానికి. మరి ఆ ఎడం ఇంకాస్త పెంచినవాళ్ళ కాగితాలు చెత్తలోకి పోవచ్చు. బాబుకు రెండేళ్ళ పది నెలలు. అంచు మీద పట్టుకున్నాం. రికార్డు రూములో కుర్రాడు మూడోసారికి వెతికి తీశాడు. చేతిరాత కాగితం, మూల తడిసింది. కింది భాగంలో అడ్డకోత, రెండు పొరల కుట్టు, 7 సెంటీమీటర్ల దగ్గర ఆగింది. డిశ్చార్జి కాగితం మీద లేనివన్నీ అక్కడున్నాయి.

36వ వారంలో ఆవిడ దాన్ని చదివి, తలాడించి, ఫైలు వెనక అట్ట మీద ఇంగ్లీషులో రాశారు: నొప్పులు వస్తే చేర్చుకోవాలి, మిసోప్రోస్టాల్ మాత్ర వద్దు, బిడ్డ గుండె చప్పుడు ఆపకుండా చూడాలి, ఎస్.ఓ.ఎస్. ఎల్.ఎస్.సి.ఎస్.

చెల్లెలు వేలు పెట్టి అడిగింది. "మేడమ్, ఈ ఎస్.ఓ.ఎస్. అంటే?"

"అవసరమైతే అని అమ్మా."

"ఆ అవసరం ఎవరు చెప్తారు మేడమ్? మీరు ఊళ్ళో లేని రోజు నొప్పులొస్తే?"

ఆవిడ ఒక్క క్షణం ఆమె వంక చూసి, మూత పెట్టేసిన పెన్ను మళ్ళీ తీశారు.